లా షాపెల్ వీధుల్లో ఒక కవి జాడ

పారిస్‌లో రెండో నంబరు మెట్రో కొంత దూరం నేల కింద కాకుండా ఇనప స్తంభాల మీద నడుస్తుంది. లా షాపెల్ స్టేషను ఆ ఎత్తు మీదే ఉంది. మెట్లు దిగితే పక్కనే బూఫ్ దు నార్ అనే పాత నాటకశాల. పీటర్ బ్రూక్ 1985లో అవిన్యోఁ దగ్గర ఒక రాతి క్వారీలో తొమ్మిది గంటల మహాభారతం ఆడించి, తర్వాత తెచ్చి ప్రదర్శించింది ఈ హాల్లోనే. ద్రౌపది వేషం మన మల్లికా సారాభాయిది. ప్రపంచ రంగస్థల చరిత్రలో దానికి పెద్ద పేరే ఉంది. సరిగ్గా అవే సంవత్సరాల్లో, ఆ హాలుకు కూతవేటు దూరంలో, ఊరి గుడి ముందు తెల్లవార్లూ కూత్తు నాటకాలు చూసి భారతం నేర్చుకున్న శ్రీలంక తమిళ కుర్రాళ్లు హోటళ్ల వెనక గదుల్లో పళ్లేలు కడుగుతున్నారు. వాళ్ల చరిత్ర ఎక్కడ రాసి ఉందో చూద్దామనే నా ఈ ప్రయాణం.

ఇంకా సూటిగా చెప్పాలంటే, కి.పి. అరవిందన్ అనే కవి కోసం వచ్చాను. పారిస్‌లో ఉంటూ ‘మౌనం’ అనే సాహిత్య పత్రిక నడిపిన మనిషి. మాది పుత్తూరు వైపు. తమిళం మాట్లాడటానికి ఇబ్బంది లేదు, చదవడం మాత్రం కూడబలుక్కునే. బస్సు బోర్డులతో మొదలైన చదువు ఈలం కవిత్వం దాకా వచ్చింది. శ్రీలంక తమిళుల కవితల్లో ఊరి పేరు కింద పారిస్, ఓస్లో, టొరంటో అని కనిపించడం మొదలైనప్పటి నుంచి, ఆ ఊళ్లలో వీళ్లు ఎలా బతికారు, పత్రికలెలా వేశారు అనే కుతూహలం నన్ను వదల్లేదు.

స్టేషను నుంచి గార్ దు నార్ వైపు వెళ్లే ఫోబూర్ సెయింట్ దెనీ వీధి, దానికి అడ్డంగా రూ కయ్, రూ పెర్దొనే. ఈ సందులను ‘చిన్న జాఫ్నా’ అంటారు. చీరల దుకాణాలు, బంగారం కొట్లు, కరివేపాకు, మునక్కాయలు, పనసకాయ ముక్కలు పరిచిన కిరాణాలు. సాయంత్రమైతే ఇనప పెనం మీద రెండు రేకులతో కొత్తు రొట్టెను టకటకా నరికే చప్పుడు వీధి పొడుగునా వినిపిస్తుంది. మద్రాసు తమిళానికి అలవాటుపడ్డ చెవికి ఇక్కడి మాట కొంచెం పాతకాలపుదిగా, మెత్తగా తోస్తుంది. ‘ఆమా’ అనరు, ‘ఓం’ అంటారు.

అరవిందన్ అసలు పేరు క్రిస్టోఫర్ ఫ్రాన్సిస్. పుట్టింది 1953లో, నెడుందీవులో. జాఫ్నా ద్వీపకల్పం పక్కన సముద్రంలో చెదిరి ఉన్న, జనం ఉండే లంకల్లో అన్నిటికంటే దూరానిది అది. పగడపు రాళ్లను సున్నం, మట్టి లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన దడులు, తాటిచెట్లు, ఎప్పుడో పరాయి పాలకులు వదిలిపోయిన గుర్రాల సంతతి ఇప్పటికీ స్వేచ్ఛగా తిరిగే బయళ్లు. అలాంటి చోట పుట్టిన కుర్రాడు 1972 నాటికి పోలీసుల చేతిలో పడ్డాడు. ఆ ఏడాది మే 22న శ్రీలంక కొత్త గణతంత్ర రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. బౌద్ధానికి అగ్రస్థానం, సింహళానికి అధికార భాష హోదా అందులో ఖాయమయ్యాయి. యూనివర్సిటీ సీట్ల విషయంలో తమిళ పిల్లలకు అన్యాయం జరుగుతోందన్న కోపం అప్పటికే రగులుతోంది. ఆ రాజ్యాంగాన్ని వ్యతిరేకిస్తూ కరపత్రాలు పంచినందుకు అతన్ని జైల్లో పెట్టారు. తర్వాత ఈరోస్ అనే ఈలం సాయుధ సంస్థలో చేరాడు. అక్కడ అతని పేరు సుందర్.

ఉద్యమంలో ఒక పేరు, బాప్టిజంలో ఒక పేరు, కవిత్వంలో ఒక పేరు. ఆ తరంలో ఇది మామూలే. నాకు ఆసక్తి కలిగించేది మూడో పేరుతో అతను చేసిన పని.

1980ల చివరికి ఈలంలో సాయుధ సంస్థల సంగతి మనకు తెలిసిందే. ఒకరినొకరు చంపుకున్నారు, మన సైన్యం వెళ్లింది, వచ్చింది, ఈరోస్ కూడా చీలిపోయింది. అరవిందన్ ఫ్రాన్స్ చేరాడు. 1991లో మొదటి కవితా సంపుటి ‘ఇని ఒరు వైగరై’, మరుసటేడే ‘ముగం కొళ్’, 1999లో ‘కనవిన్ మీది’. కల తర్వాత మిగిలిందేమిటి అన్నట్టున్న ఆ మూడో పేరు చూస్తే, మొదటి పుస్తకం నాటి వేకువ మీద అతని నమ్మకం ఎంత దూరం ప్రయాణించిందో తెలుస్తుంది. కవిగా అతని గొంతు పెద్దది కాదు. నినాదాల కాలంలో పెరిగి కూడా నినాదం రాయలేదు, అదే నాకు నచ్చింది. పారిస్‌లో స్థిరపడ్డ తమిళుల కథలు పోగుచేసి ‘పారిస్ కథైగళ్’ అని ఒక సంకలనం తెచ్చాడు. ఇంటర్నెట్టు వచ్చాక ‘అప్పాల్ తమిళ్’ నడిపాడు. ఆ రెండిటికీ ముందు, 1990లలో, ‘మౌనం’.

రూ కయ్ మూల మీద ఒక టీ కొట్టు ఉంది. పాలు లేని టీ, పక్కన చేప కూరిన రోల్. ఎదురు బల్ల దగ్గర డెబ్బై దాటిన పెద్దాయన తమిళ దినపత్రిక తిరగేస్తున్నారు. నా చేతిలో ఉన్న పుస్తకం అట్ట చూసి ఆయనే పలకరించారు.

“తంబి ఇండియానా?”

“అవునయ్యా. ఆంధ్రా.”

“తెలుంగా!” అని పత్రిక పక్కన పెట్టేశారు. “మా మనవరాలు సంగీతం నేర్చుకుంటోంది. పాడేదంతా మీ త్యాగయ్యే. ఒక్క ముక్క అర్థం కాదు దానికి. నాకూ కాదు.”

అర్థం చెప్పమని ఆయన అడిగిన కీర్తనకు నేను కూడా తడుముకున్నాను, అది వేరే సంగతి. కొంచెంసేపటికి మాట పాత రోజుల మీదికి మళ్లింది. ఆయన 1984లో వచ్చారట. ముందు తూర్పు బెర్లిన్, అక్కడినుంచి పడమటికి, అక్కడినుంచి ఇక్కడికి. ఆశ్రయం కోసం అర్జీ పెట్టి, కార్డు వచ్చేదాకా ఏళ్ల తరబడి ఎదురుచూపు. కొందరు సాయంత్రాలు రెస్టారెంట్లలో బల్లల దగ్గరికి వెళ్లి గులాబీలు అమ్మేవాళ్లు. ఆయనకు ‘ప్లోంజ్’లో పని దొరికింది, అంటే అంట్లు తోమే పని. పారిస్ తమిళులకు ఆ ఫ్రెంచి మాట అన్నం, నీళ్లంత సొంతమైపోయింది.

“ఒకే గదిలో ఎనిమిదిమందిమి. రాత్రి డ్యూటీవాడు వచ్చేసరికి పగటి డ్యూటీవాడు లేచి పోవాలి. పుస్తకం వస్తే గదికంతా ఒకటే. చదివినవాడు తర్వాతి వాడి దిండు కింద పెట్టి పోయేవాడు” అన్నారు.

“ఏయే పత్రికలు చదివేవారు?”

వేళ్లు మడిచి లెక్కపెట్టారు. పారిస్ నుంచే ఓసై, ఎక్సిల్, అమ్మా, మౌనం. జర్మనీ నుంచి తూండిల్. నార్వే నుంచి సువడుగళ్. స్విట్జర్లాండ్ నుంచి మనిదం. టొరంటో నుంచి తేడల్, ఆ తర్వాత కాలం. వీటిలో చాలావాటికి ఆయుర్దాయం తక్కువ. తొలిరోజుల్లో కొన్ని చేత్తో రాసి ఫొటోకాపీ తీసినవే. తమిళం టైపు చేసే యంత్రం యూరప్‌లో ఎక్కడ దొరుకుతుంది? కంప్యూటర్ అక్షరాలు వచ్చాక పేజీలు కాస్త కుదుటపడ్డాయి. కవిత ఓస్లో నుంచి పోస్టులో రావాలి, దిద్దుబాటు మళ్లీ పోస్టులో పోవాలి, అచ్చయ్యాక కవర్లలో పెట్టి దేశదేశాలకు పంపాలి. చందాలు వచ్చేవి తక్కువ, పోస్టేజి ఖర్చు ఎక్కువ. సంపాదకుడంటే రాసేవాడు, దిద్దేవాడు, మడతపెట్టేవాడు, బిళ్లలు అంటించేవాడు, చివరికి నష్టం భరించేవాడు కూడా. టొరంటోలో సెల్వం అరుళానందం ‘కాలం’ పత్రికను 1990లో మొదలుపెట్టి దశాబ్దాలు నడపగలిగారంటే, దాన్ని ఘనకార్యమనే అనాలి.

ఈ పత్రికలవాళ్లందరికీ ఒక కూడలి కూడా ఉండేది. 1988లో జర్మనీలో మొదలైన ‘ఇలక్కియ సందిప్పు’. ఊరూరా మారుతూ జరిగే సాహిత్య సమావేశం. రైళ్లెక్కి, తలా ఒక కట్ట పుస్తకాలు మోసుకొచ్చి, రెండు రోజులు గొంతులు బొంగురుపోయేదాకా వాదించుకుని వెళ్లిపోయేవాళ్లు. శాలువాలు లేవు.

“దిండు కింద పెట్టేవాళ్లన్నారు. అందరి కళ్లముందూ పెట్టుకోవచ్చు కదా?” అని అడిగాను.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. టీ ఇంకొకటి తెప్పించి అన్నారు: “సబాలింగం పేరు విన్నావా?”

విన్నాను. సబారత్నం సబాలింగం ఈలం పోరాటం తొలినాళ్ల మనిషి, పారిస్‌లో ప్రచురణలు చేస్తూ, ఆ తొలినాళ్ల చరిత్ర రాసే పనిలో ఉన్నారు. 1994 మే 1న పారిస్‌లో ఆయన ఇంటికే వచ్చి కాల్చి చంపారు. తమిళ రచయితలు అప్పటినుంచీ వేలెత్తి చూపింది ఎల్టీటీఈ పులుల వైపే. దేశం విడిచి వస్తే ప్రాణం దక్కుతుందనుకున్నవాళ్లకు, ఇక్కడ కూడా రాతకు ఆ ధర ఉందని తెలిసిన రోజు అది.

ఈ ఒక్క సంగతి తెలిస్తేనే ఆ చిన్న పత్రికల విలువ తెలుస్తుంది. ఊరు గుర్తొచ్చి రాసుకున్న బెంగ కవితల సంచికలని దూరం నుంచి అనుకుంటాం. అవీ ఉన్నాయి. కానీ వాటి అసలు పని వేరు. గుడిలో అనలేనిది, దుకాణంలో అనలేనిది, కుటుంబంలో అనకూడనిది అచ్చులో అనడానికి అవే చోటు. ఉద్యమాన్ని నమ్మినవాడు, ఉద్యమం చేతిలో దెబ్బతిన్నవాడు, కులం సంగతి ఎత్తినవాడు, ఆడవాళ్ల మాట ఎత్తినవాళ్లు, అందరూ ఏదో ఒక పత్రికలో గొంతు విప్పారు. ఒకరి పత్రిక ఒకరికి పడేది కాదు. అయినా ఒకే వీధిలో, ఒకే కొట్టులో పక్కపక్కన అమ్ముడుపోయేవి. ఉద్యమంలో పెరిగి, జైలు చూసి, ఆ గాయాలన్నిటితో వచ్చిన అరవిందన్ లాంటి మనిషి చేతికి మళ్లీ ఆయుధం కాక ఒక పత్రిక ప్రూఫులు రావడం నా దృష్టిలో అతని జీవితంలో పెద్ద మలుపు.

పెద్దాయన దగ్గర సెలవు తీసుకుని రూ పజోల్‌లోని మాణిక్క వినాయకర్ గుడి వైపు నడిచాను. 1985లో వెలిసిన గుడి. ఆగస్టు చివర్లో రథం కదిలే రోజున ఈ వీధుల్లో కొబ్బరికాయలు గుట్టలుగా పోసి పగలగొడతారని, ఫ్రెంచివాళ్లు కూడా గుంపులుగా చూడ్డానికి వస్తారని విన్నాను. నేను వెళ్లింది మామూలు రోజు. ప్రసాదం వరుసలో ముందున్న ఒకావిడ కూతురితో తెలుగులో మాట్లాడుతుంటే ఉలిక్కిపడ్డాను. యానాం వాళ్లట. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంలను ఫ్రాన్స్ భారత్‌కు అప్పగించిన ఒప్పందం 1962లో ఖాయమైనప్పుడు, కోరుకున్నవాళ్లకు ఫ్రెంచి పౌరసత్వం ఉంచుకునే వీలిచ్చారు. అలా గోదావరి ఒడ్డు నుంచి కూడా కొన్ని కుటుంబాలు ఫ్రాన్స్ చేరాయి. పాస్‌పోర్టుతో వచ్చినవాళ్లు వాళ్లు. అదే వరుసలో వెనకున్నవాళ్లు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లు. ఇద్దరికీ దక్కింది అదే చక్కెర పొంగలి.

2015 మే నెలలో ‘దీపన్’ అనే ఫ్రెంచి సినిమాకు కాన్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి పామ్ దోర్ వచ్చింది. పారిస్ శివార్లలో తలదాచుకున్న ఈలం తమిళుడి కథ. ఆ పాత్ర వేసింది ఇదే నగరంలో తమిళంలో నవలలు రాస్తున్న శోభాశక్తి. ఆ రాత్రి ప్రపంచమంతా తమ వైపు చూసిందని లా షాపెల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతకు రెండు నెలల ముందు, మార్చి 8న, అరవిందన్ పారిస్‌లో కన్నుమూశాడు. ఫ్రెంచి పత్రికల్లో నాకు ఆ వార్త కనిపించలేదు.

అయితే అతని పత్రిక, దాని తోటి పత్రికలు పూర్తిగా మాయం కాలేదు. 1981 మే 31 రాత్రి మొదలైన హింసలో జాఫ్నా గ్రంథాలయం తగలబడినప్పుడు 97 వేల పుస్తకాలు, తాళపత్రాలు బూడిదయ్యాయి. మళ్లీ అలా జరగకూడదన్న పట్టుదలతో 2005లో కొందరు స్వచ్ఛందంగా ‘నూలగం’ అనే డిజిటల్ గ్రంథాలయం మొదలుపెట్టారు. కరపత్రం నుంచి కవితా సంపుటి దాకా ఈలం తమిళంలో అచ్చయినవాటిని వెతికి, స్కాన్ చేసి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టారు. ఓస్లోలో మూతపడిన పత్రిక పాత సంచికను నేను పుత్తూరులో కూర్చుని చదవగలిగింది అందువల్లే.

ఇక మన సంగతి చూస్తే, మనవాళ్లు అమెరికాలో 1970లలోనే తెలుగు పత్రికలు నడిపారు. అట్లాంటా నుంచి పెమ్మరాజు వేణుగోపాలరావు గారు తెచ్చిన ‘తెలుగు భాషా పత్రిక’ లాంటివి మన ప్రవాస చరిత్రకు తొలి పుటలు. ఆ తర్వాత ఎన్నో సంఘాలు, ఎన్నో ప్రత్యేక సంచికలు. నిగనిగలాడే కాగితం, నాయకుల సందేశాలు, దాతల ఫొటోలు. వాటిలో తగువు తక్కువ, తాంబూలం ఎక్కువ. మనకు కులం లేదా అక్కడ? వీసా కష్టాలు లేవా? రెస్టారెంట్ల వెనక గదుల్లో, పెట్రోలు బంకుల్లో రాత్రి పని చేసే విద్యార్థులు లేరా? వాళ్ల కథలకు పేజీలు ఇచ్చిన సంపాదకులు ఉన్నారు, వాళ్లకు నమస్కారం. కానీ ఆ పేజీలు కూడా ఎక్కడున్నాయో వెతుక్కోవాల్సిన స్థితి.

కాబట్టి ఇది చదువుతున్న ప్రవాసులకు ఒక మనవి. మీ ఇంటి బేస్‌మెంట్‌లో, గరాజ్‌లో, ఊళ్లో అమ్మానాన్నల అటక మీద పాత తెలుగు పత్రికలు, చేతిరాత సంచికలు, సంఘాల కరపత్రాలు ఏమైనా ఉంటే చెత్తబుట్టలో వేయకండి. తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి భద్రపరుస్తున్నవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఎవరూ అందుబాటులో లేకపోతే మీ ఫోనుతోనే పేజీ పేజీ ఫొటో తీసి, సంచిక నెల, సంవత్సరం రాసి పెట్టండి. అట్ట చిరిగిపోయిందని, సంచిక మొత్తం లేదని ఆగకండి.