ఖైరియత్ అడిగే ఫోన్

మొన్న జుమా నమాజు ముగించుకుని, తిరువూరులో ఆపా ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నామో లేదో, మా భాంజా ఫోన్ టింగుమంది. "ఈ వారం ఆఫీసులో మీకెలా గడిచింది?" అని సవాలు. కింద ఐదు బొమ్మలు, ఏడుపు మొహం నుంచి నవ్వు మొహం దాకా. వాడు సరిగ్గా చూడను కూడా చూడకుండా నవ్వు మొహం నొక్కేసి ఖుర్మా గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. సెలవు పెట్టి రాత్రి బస్సు దిగినప్పటి నుంచి వాడి మొహం మాత్రం రెండో బొమ్మలాగే ఉంది.

"క్యా బేటా, అంత ఖుషీగా ఉన్నావా?"

"ఖుషీ కాదు మాము, ఆదత్."

విజయవాడలో ఒక ప్రైవేటు జీవిత బీమా ఆఫీసులో వాడి నౌక్రీ. ఏజెంట్లను చూసుకునే పని. ప్రతి శుక్రవారం ఇలా ఒకటో రెండో సవాళ్లు వస్తాయట. పల్స్ సర్వే అంటారు. ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కదా, పల్స్ అనగానే నాకు నబ్జ్ గుర్తొచ్చింది, మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి కళ్లు మూసుకునే హకీమ్ సాబ్ గుర్తొచ్చారు. ఏడాదికోసారి యాభై అరవై ప్రశ్నల చిట్ఠా ఇస్తే, జవాబులు లెక్కేసే సరికి మనిషి రాజీనామా ఇచ్చి వెళ్లిపోయి ఉంటాడు. చిన్న సవాలు, తరచూ అడగాలి. ఆలోచన మంచిదే.

బీమాలో ఇది మరీ జరూరు. ఇక్కడ తప్పు ఆలస్యంగా బయటపడుతుంది. మన మామిడి రైతు ఒకాయనకు "ఒక్కసారి కడితే చాలు, ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిదే" అని చెప్పి ఏటేటా కట్టాల్సిన పాలసీ అంటగట్టారనుకోండి. బాండు చేతికొచ్చాక 30 రోజుల్లో వద్దని తిప్పి ఇచ్చే హక్కు ఆయనకుంది, కానీ బాండు తెరిచి చదివేదెవరు? మరుసటి ఏడు ప్రీమియం నోటీసు వస్తే అప్పుడు తెలుస్తుంది. కట్టడు, పాలసీ ల్యాప్స్ అవుతుంది. కంపెనీలు 13వ నెల పెర్సిస్టెన్సీ అని లెక్క చూసుకునేది ఇందుకే, అమ్మిన పాలసీల్లో రెండో ఏడాదికి నిలిచినవెన్ని అని. కానీ టార్గెట్ ఒత్తిడికి ఏజెంటు ఏం చెప్పి అమ్ముతున్నాడో ఆఫీసులో కుర్రాళ్లకు ఆ వారమే తెలుసు. అడిగితే చెప్పగలరు. భరోసా ఉంటే.

పోయినేడు మావాడు చెప్పాడు. సర్వే చివర రాయడానికి ఒక గడి ఉంటుంది, పేరు అడగరు. "జనం డబ్బు మన దగ్గర అమానత్. ఒక్కసారి కడితే చాలని చెప్పి అమ్మడం ఆపాలి" అని తెలుగులో రాశాడు. సోమవారం మీటింగులో పెద్దసారు ఆ వాక్యం పైకి చదివి, "అమానత్ అట! మనలో ఈ షాయర్ ఎవరబ్బా?" అన్నాడు. టీములో ఆరుగురు. అందరి కళ్లూ వీడి మీదికే తిరిగాయి. పేరు దాచుకున్నాడు గానీ, అమ్మీ ఒడిలో నేర్చిన మాటను దాచుకోవడం తట్టలేదు పాపం. (తెలుగు డిగ్రీ చదివినా నా కాపీలో ఇలాంటి లఫ్జులు దొర్లితే డెస్కులో కొట్టేసేవారు. నాకు పోయింది మాట ఒక్కటే.)

సర్వే పద్ధతి తెలిసినవాళ్లు చిన్న టీము జవాబులు విడిగా పై అధికారికి చూపించరు. కనీసం ఐదుగురు జవాబిస్తేనే చూపాలని చాలాచోట్ల హద్దు పెట్టుకుంటారు. అంకెలకైతే అది పనికొస్తుంది. రాసిన మాటను యథాతథంగా చేతికిస్తే ఆరుగురిలో ఒకణ్ని పట్టుకోవడం ఎంతసేపు?

రెండు నెలలకు వాడి ఏరియా మార్చారు. దానికీ దీనికీ సంబంధం లేదన్నారు. ఉందని వాడూ నిరూపించలేడు. ఖౌఫ్‌కు రుజువుతో పనేముంది! అప్పటి నుంచి ప్రతి శుక్రవారం నవ్వు మొహమే.

"మీ ఆఫీసంతా ఇంతేనా?"

"ఒకసారి మంచే జరిగింది మాము. రాత్రి ఎనిమిదింటి ఫోన్ మీటింగు వద్దని అందరం నొక్కాం. రెండు వారాల్లో ఆపేశారు. మీరడిగారు, మేం ఆపేశాం అని మెయిల్ కూడా పెట్టారు. నిజం రాయడానికి నాకు హిమ్మత్ వచ్చింది అప్పుడే."

"మార్చిలో ఏం నొక్కుతావు?" అన్నాను. సాలు చివర, టాక్స్ కోసం పాలసీలు కొనేవాళ్ల రద్దీ, బీమావాళ్లకు నిద్రలేని నెల.

"మార్చిలో రాదు మాము. క్లోజింగ్ కదా, డిస్టర్బ్ చేయొద్దని సర్వే ఆపేస్తారు."

జ్వరం వచ్చిన రోజు రాని హకీమ్ అన్నమాట.

ఆపా రోటీలు తెచ్చింది. "జుమా పూట కూడా వదలరా మీ ఆఫీసోళ్లు? ఏమడిగారు?"

"ఖైరియత్ అడిగారు అమ్మీ."

"అచ్ఛే లోగ్ హైఁ" అని వాడి పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.