బోరునీళ్ళు బిగించిన కీళ్ళు

కొన్ని కీళ్ళ జబ్బుల్లో కీలు లోపలి పొర ఉబ్బి గడ్డ కడుతుంది. ఆ పొరను ఆపరేషన్‌తో తీసేస్తే చాలామందికి ఉపశమనం దొరుకుతుంది. నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలాన్ని పీడించిన ఫ్లోరోసిస్‌లో మాత్రం కోసి తీయడానికి గడ్డే ఉండదు. కీలును కట్టి ఉంచే సంధిబంధనాలే సున్నం పట్టి రాయిలా బిగుసుకుంటాయి.

ఈ జబ్బు మూలం నేలలోనే ఉంది. మునుగోడు దాటి మర్రిగూడ దారి పడితే ఎటు చూసినా గ్రానైటు గుట్టలు. ఆ రాతిలోని ఫ్లోరైడ్ భూగర్భజలంలోకి కరుగుతుంది. వానలు తక్కువైన ఈ మెట్ట సీమలో ఊళ్ళకు బోరే దిక్కయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఇక్కడి బోర్లెన్నో దాన్ని దాటినవే.

ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ కొంత మూత్రంలో పోతుంది, మిగిలింది ఎముకకు పడుతుంది. చిన్నప్పటి నుంచీ ఆ నీళ్ళే తాగితే ముందు పళ్ళు గారపడతాయి. ఏళ్ళు గడిచాక నడుము, మెడ పట్టేస్తాయి. అప్పుడు కీళ్ళవాతమని పొరబడి ఏవేవో మందులు వాడేవారు ఎందరో. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడుమ పొర సున్నం పట్టి కనిపిస్తే అనుమానం తీరుతుంది. ముదిరితే వెన్నుపూసలు అతుక్కుపోతాయి, వెన్నుపాము నలిగి కాళ్ళు పడిపోతాయి.

దేశంలో ఈ జబ్బు మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో నమోదైంది. నల్లగొండ రోగుల గురించి 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో సిద్దిఖీ అనే పరిశోధకుడు రాశారు. మోకాళ్ళు రాసుకునేలా కాళ్ళు వంకరపోయిన ఇక్కడి పిల్లల సంగతిని 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు లాన్సెట్‌లో ప్రకటించారు. జొన్నలోని మాలిబ్డినం ఒంట్లోని రాగిని తగ్గించి ఫ్లోరైడ్‌కు తోడైందని వారి అంచనా. పేదవాడి జొన్న గటక కూడా జబ్బుకే సాయం పోయిందన్నమాట.

విరుగుడు మందు లేదు. పాలు, ఆకుకూరలు, క్యాల్షియం కొంత కాపాడతాయి. వెన్నుపాము నలిగితే శస్త్రచికిత్స చేస్తారు. అసలు వైద్యం నీరు మార్చడమే. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. ప్రపంచమంతా దాన్ని ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. రోజూ అడుగున చేరిన మడ్డి తీసి, పాళ్ళు చూసుకోవాల్సిన ఆ పని ఊళ్ళలో నిలవలేదు. తర్వాత కృష్ణా నీళ్ళు వచ్చాయి, మిషన్ భగీరథ మంచినీటి పథకం నల్లాలు వచ్చాయి.

మర్రిగూడ మండలంలో మేం ఆగిన వాడలో నల్లా కింద బిందె నిండుతోంది. నాలుగడుగుల్లో పాత బోరింగు ఇంకా పనిచేస్తోంది. పెద్దల వంగిన నడుములు ఇక నిటారు కావు. నల్లా రాని రోజున కూడా పిల్లలకు ఆ బోరింగు నీళ్ళు తాగించకండి.