కెమెరా ఎవరి భుజంమీద?

శ్రీశ్రీ 'దేశచరిత్రలు' పాఠం చెప్పేరోజున తరగతిలో నా గొంతు ఒక మెట్టు పైకి లేస్తుంది. చరిత్రలో కూలీల పేర్లు ఎందుకు లేవని విద్యార్థులను నిలదీస్తాను. వాళ్ళు తలలు వంచుకుని రాసుకుంటారు. పదేళ్ళుగా ఇదే జరుగుతున్నది. 2025 వేసవిలో ఆ ప్రశ్న తిరిగివచ్చి నన్నే నిలదీసింది.

ఆ వేసవిలో సికింద్రాబాదులో నాలుగు వారాల డాక్యుమెంటరీ శిక్షణలో చేరాను. అచ్చయిన మాట చేరని చోటికి బొమ్మ చేరుతుందనీ, మన విద్యార్థుల చేతుల్లో పుస్తకం కన్న ముందు ఫోను ఉన్నదనీ, ఆ భాష మనకు రాకపోతే అది ఎదుటిపక్షం సొత్తుగానే మిగిలిపోతుందనీ నా ఆలోచన. కెమెరా మీటలు, కటకాలు, వెలుతురు కొలతలు నేర్పుతారనుకున్నాను. మొదటి వారమంతా కెమెరాను తాకనివ్వలేదు. పొద్దున చరిత్ర పాఠం. సాయంత్రం రైల్వేస్టేషను ఎదుట కూర్చుని, చెవికి తగిలిన శబ్దాలన్నిటినీ నోటుపుస్తకంలో రాయడం.

ఆ చరిత్ర నన్ను కొంత కలవరపెట్టింది. 1895 డిసెంబరు 28న పారిస్‌లో లూమియేర్ సోదరులు డబ్బు తీసుకుని ప్రజలకు చూపించిన చిత్రాల్లో మొదటిది కార్మికులు ఫ్యాక్టరీనుంచి బయటికి రావడం. సినిమా కార్మికుడితోనే పుట్టిందని మనం సంబరపడవచ్చు. కాని ఆ ఫ్యాక్టరీ లూమియేర్లదే. యజమాని కెమెరా పెట్టి, గేటు తెరిపించి, తన కూలీల చేత నడిపించాడు. ఒకసారి కాదు, ఆ దృశ్యాన్ని మూడుసార్లు తీసినట్లు మిగిలిన ప్రతులే చెబుతున్నాయి. 1922లో ఫ్లహర్టీ తీసిన 'నానూక్' సంగతీ అంతే. ఆ ఇన్యూట్ ప్రజలు అప్పటికే తుపాకులతో వేటాడుతున్నారు. ప్రేక్షకుడు ముచ్చటపడడానికి వారి చేతికి బల్లేలిచ్చారు. డబ్బు పెట్టింది ఉన్ని తోళ్ళ వ్యాపార సంస్థ. ఆ కథానాయకుడి అసలు పేరు నానూక్ కాదు, అల్లకరియల్లక్. ప్రపంచమంతా అతని ముఖం చూసింది. పేరు మాత్రం మారిపోయింది.

ఇది విని నేను తీర్పు చెప్పేశాను: "బూర్జువా కెమెరా." మా ఉపాధ్యాయుడు నవ్వి, "సరే, మీ కెమెరా సంగతి రెండు వారాలైతే తెలుస్తుంది" అన్నాడు.

నేను రైల్వే కూలీలమీద చిత్రం తీయదలిచాను. సికింద్రాబాదుకు 1874లో నిజాం రైలుమార్గం వచ్చినప్పటినుంచి బరువులు మోసేవాళ్ళున్నారు. స్టేషను పాత భవనాన్ని 2025లో కొత్త నిర్మాణంకోసం కూల్చివేశారు. ఆ దుమ్ములోనే ఎర్రచొక్కాలు తిరుగుతున్నాయి. అనుమతి లేనిదే లోపల చిత్రీకరించరాదు గనుక మా మకాం బయటి టీ బంకు. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయాడు. ముప్పయ్యేళ్ళుగా మోస్తున్నాడు. జనగామ వైపు పల్లె. జబ్బకు ఇత్తడి బిళ్ళ. లైసెన్సు ఉన్నది గాని జీతం లేదు. మోసిన బరువుకే కూలి. 2008లో కూలీలను గ్యాంగ్‌మన్లుగా తీసుకుంటామని రైల్వే బడ్జెట్టులో అన్నప్పుడు తోటివాళ్ళు కొందరు వెళ్ళారు, ఇతనికి కుదరలేదు. 2016 బడ్జెట్టులో కూలీని 'సహాయక్' అనాలన్నారు. పేరు మారింది. జీతం మాత్రం రాలేదు.

మూడు గంటల చిత్రం తీసి పదకొండు నిమిషాలకు కుదించాను. దానికి వ్యాఖ్యానం నేనే రాసి నేనే చదివాను. చక్రాల పెట్టె కూలివాని నోటి కూడు లాక్కున్నదనీ, యంత్రం మనిషిని ఓడించిందనీ, మంచి సమాసాలతో సాగింది. నాకే కళ్ళు చెమర్చాయి. ప్రదర్శనకు ముందు దాన్ని అతనికి చూపించి రమ్మన్నాడు ఉపాధ్యాయుడు.

టీ బంకు బల్లమీద లాప్‌టాప్ పెట్టి చూపించాను. పెద్దాయన ఆసాంతం చూశాడు. గ్లాసు కింద పెట్టి, "సారూ, అంత మీరే చెప్పిండ్రు. అండ్ల నేనెందుకు?" అన్నాడు. కాసేపాగి, "బిళ్ళ నంబరు మంచిగ కనబడుతున్నది. నా పేరేది?" అన్నాడు.

పదకొండు నిమిషాల్లో అతని పేరు ఒక్కసారీ రాలేదు. నోటుపుస్తకం తిరగేస్తే అందులోనూ లేదు. 'పెద్దాయన' అనే రాసుకున్నాను. పదేళ్ళు ఆ పాఠం చెప్పినవాణ్ణి!

అంతటితో వదల్లేదు. "చక్రాలు చెడ్డయని నేనన్ననా? చక్రాలొచ్చి మా నడుములు మిగిలినయి. పని పోయినోనికి ఏం పని ఇచ్చిండ్రని అడుగురి." యంత్రాన్ని నిందించింది చదువుకున్న నేను. యంత్రంవల్ల మిగిలిన శ్రమ ఎవరి ఖాతాలో జమపడిందని అడిగింది అతడు. అర్థశాస్త్రం ఎవరికి వచ్చునో మీరే చెప్పండి.

మర్నాడు ఈ సంగతి శిబిరంలో చెప్పినప్పుడు మాకు పస్తాపూరు కథ చెప్పారు. జహీరాబాదు దగ్గరి ఆ ఊళ్ళో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో, దళిత రైతుకూలీ స్త్రీలు 1990ల చివర కెమెరా నేర్చుకున్నారు. చాలామందికి అక్షరాలు రావు. బీటీ పత్తి వేసిన వరంగల్లు రైతుల పొలాలకు నెలనెలా వెళ్ళి, పంట కథను మొదటినుంచి చివరిదాకా చిత్రీకరించారు. కెమెరా కోణాలకు ఇంగ్లీషు పేర్లు అక్కరలేక తమ బ్రతుకులోనుంచే పేర్లు పెట్టుకున్నారు. దొర చూసే చూపు 'పటేల్ షాట్'. సంగంలో అందరూ చాపమీద కూర్చుని ఒకరి కళ్ళలోకి ఒకరు సమానంగా చూసే చూపు 'సంగం షాట్'. చిత్రకళా విమర్శ గ్రంథాలు పేజీలకొద్దీ చెప్పేదాన్ని ఆ తల్లులు రెండు మాటల్లో తేల్చారు. నేను తీసిన పదకొండు నిమిషాలూ పటేల్ షాటే. కెమెరా ఎత్తు సరిగానే ఉన్నది. గొంతు మాత్రం పైనుంచి వచ్చింది.

మిగిలిన వారంలో వ్యాఖ్యానమంతా తీసేశాను. అతనే మాట్లాడతాడు, మొదటి మాట అతని పేరు. చిత్రం నునుపు తగ్గింది. నిజం పెరిగిందనే అనుకుంటాను. ఐనా ఒక సంగతి దాచకూడదు: ఏ మాట ఉంచాలో, ఏది కొయ్యాలో నిర్ణయించినవాణ్ణి నేనే. కత్తెర నా చేతిలో ఉన్నంతకాలం సంగం షాటు పూర్తికాదు. పస్తాపూరు స్త్రీలు కత్తెరకూడా పట్టుకున్నారు. మనకూ వాళ్ళకూ తేడా అక్కడున్నది.

అభ్యుదయ రచయితలమైన మనం పీడితుల పక్షాన రాశాం. అది చిన్న పని కాదు. కాని 'పక్షాన' అన్నమాటలో వారి నోరు మనం అరువు తెచ్చుకోవడం ఎంత, వారి మాట వినడం ఎంత అని లెక్క చూసుకోవలసి ఉన్నది.

అతని పేరు ఇక్కడ రాయలేదని మీకు కోపం రావచ్చు. చిత్రంకోసం చెప్పిన పేరు అది; పత్రికకోసం ఇంకా అడగలేదు. ఈసారి అడిగాకే రాస్తాను. ఈ ఏడు 'దేశచరిత్రలు' పాఠానికి ముందు విద్యార్థులకు ఒక పని ఇచ్చాను: రోజూ మీ బరువు మోసేవాళ్ళు, మీ గది ఊడ్చేవాళ్ళు ఒక్కరి పేరు కనుక్కుని రండి. నలభై ఇద్దరిలో తొమ్మిదిమంది తెచ్చారు. పాఠం అక్కడినుంచి మొదలుపెట్టాను.