జడుపు పెద్దవాళ్ళకూ ఉంటుంది

మా ఇంట్లో కొన్ని తెలుగు మాటలు బడి వల్ల కాదు, నాయనమ్మ వల్ల నిలిచాయి. వాటిలో ఒకటి జడుపు. పిల్లలు నిద్రలో ఉలిక్కిపడి లేచినా, దేన్నో చూసి బెదిరి జ్వరం తెచ్చుకున్నా "జడుసుకున్నాడు" అంటుంది నాయనమ్మ. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ తరవాత ఇంట్లో పుట్టినవాళ్ళంతా అరవ బడిలోనే చదివాం. ఇప్పుడు తిరువళ్ళూరులో ఉన్న మా పిల్లలైతే అదే సంగతిని "పయందుట్టాన్" అంటారు. ఏ భాషలో అన్నా ఆ మాట చిన్నపిల్లలకే వాడేవాళ్ళం. మొన్న మామిడిపళ్ళ కాలంలో అది యాభై దాటిన మా చిన్నత్తకు వాడవలసి వచ్చింది.

తిరుత్తణి ఇంట్లో కర్రిగాడని ఒక నాటుకుక్క ఉంది. ఒక మధ్యాహ్నం ఎక్కడిదో మామిడి టెంక నోట కరుచుకొచ్చి పెరట్లో కొరుకుతూ ఉండగా అది గొంతుకు అడ్డం పడింది. మూతిని ముందుకాళ్ళతో గీరుకుంటున్నాడు, ఊపిరి ఆడటం లేదు, నాలుక నీలం తిరుగుతోంది. చిన్నత్త నోరు తెరిచి చూసింది. టెంక అంచు కనబడింది గానీ వేళ్ళకు జారిపోయింది. కనబడని వస్తువు కోసం గుడ్డిగా వేళ్ళు పెడితే ఇంకా లోపలికి పోతుంది కాబట్టి ఆపేసింది. వెనక కాళ్ళు పైకెత్తి తల కిందికి వంచింది. టెంక రాలేదు. వెనక నుంచి పట్టుకుని, పక్కటెముకలు అయిపోయే చోట పిడికిలి ఆనించి, పైకీ ముందుకీ గట్టిగా నొక్కింది. మూడోసారికి టెంక ఊడిపడింది. మనుషుల కోసం హెన్రీ హైమ్లిక్ అనే అమెరికా డాక్టరు 1974లో చెప్పిన పద్ధతినే కుక్కలకు తగ్గట్టు ఇలా చేస్తారు.

సాయంత్రం పశువైద్యుడికి చూపించాం. అడ్డు పోయినా గొంతు లోపల వాపు రావచ్చు, నొక్కినప్పుడు కడుపులో దెబ్బ తగలవచ్చు. అందుకని కుక్క హుషారుగా కనబడినా చూపించాల్సిందే. చిన్నత్త వేళ్ళకు పళ్ళు గీరుకున్నాయి. పావుగంట సేపు సబ్బుతో, ధారగా పారే నీళ్ళతో కడిగించి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కుక్క జొల్లు గాయానికి తగిలితే రేబిస్ టీకా సంగతి డాక్టరే తేల్చాలి.

కర్రిగాడు రాత్రికి పెరుగన్నం తిని పడుకున్నాడు. చిన్నత్త పడుకోలేదు. చేసేటప్పుడు వణకని చేతులు అంతా అయ్యాక వణికాయి. ఆపద వేళ ఒళ్ళు అడ్రినలిన్‌ను గుమ్మరిస్తుంది, పని అయ్యేదాకా అదే నిలబెడుతుంది. పని అయ్యాక మిగిలిన ఆ వేగమే వణుకుగా, ఏడుపుగా బయటపడుతుంది. తరవాతి పది రోజులూ కర్రిగాడు కాస్త దగ్గినా చిన్నత్త లేచి కూర్చునేది. ఇంట్లో మామిడిపండు కోయనివ్వలేదు.

వచ్చినవాళ్ళు "బతికిందిగా, ఇంకేం?" అన్నారు. ఒకరిద్దరు "కుక్కే గదా" అన్నారు. వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్న ధర్మరాజు కథ విన్నవాళ్ళే వీళ్ళంతా. మంచి మనసుతో అన్నమాటలే, కానీ అవి విన్నాక చిన్నత్త ఆ సంగతి ఎత్తడమే మానేసింది.

తిరువళ్ళూరు నుంచి ఎలక్ట్రిక్ రైల్లో నాయనమ్మ వచ్చింది. కూతురి మొహం చూసి "పిల్ల జడుసుకుందిరా" అంది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. దిష్టి మీద మా ఇంట్లో తలా ఒక మాట ఉంది, ఆ వాదన ఇక్కడ వద్దు. మేము చూసింది ఆ తరవాతిది. నాయనమ్మ వసారాలో పక్కన కూర్చుని తమలపాకులు తుడుచుకుంటూ ఏమీ అడగలేదు. కాసేపటికి చిన్నత్తే మొదలుపెట్టింది. నాలుగు రాత్రులు అదే కథ చెప్పింది. నాలుగుసార్లూ నాయనమ్మ కొత్తగా విన్నట్టే వింది, మధ్యలో "పోనీలే" అనలేదు. ఐదో రాత్రి చిన్నత్త తెల్లారేదాకా నిద్రపోయింది.

ఆపద చూసినవాళ్ళను చెప్పమని బలవంతపెట్టకూడదు, చెబితే వినాలి అనే ఇప్పటి మానసిక ప్రథమ చికిత్స కూడా అంటుంది. వేళకు తిండి, కాస్త నడక, ఇంటిపని మామూలుగా సాగడం మేలు చేస్తాయి. ఆ దృశ్యం కళ్ళ ముందు తిరగడం చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెల దాటినా నిద్ర పట్టకపోతే, పనులు సాగకపోతే డాక్టరును కలవాలి. 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ సేవకు 14416కు ఫోన్ చేస్తే ఏ వేళైనా మాట్లాడతారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. మనలా అరవనాట ఉండి, బాధ మాత్రం తెలుగులో చెప్పుకునేవాళ్ళకు అది చిన్న విషయం కాదు.

అన్నీ సరిగ్గా చేసినా ఒక్కోసారి ప్రాణం దక్కదు. ఊపిరి ఆగితే నిమిషాల్లో అయిపోతుంది. అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు "ఇలా చేసి ఉంటే" అనే మాట మనం ఎత్తవద్దు. ఆ లెక్క వాళ్ళు రాత్రంతా వేసుకుంటూనే ఉంటారు. "నీ చేతుల్లో ఉందిగా, ఒంటరిగా పోలేదు" అంటే చాలు.

ఆడికృత్తికకు కొండకు వచ్చిన చుట్టాలకు చిన్నత్త తానే ఈ కథ చెప్పింది, టెంక ఎంతుందో చేత్తో చూపించి మరీ. ఇప్పటికీ టెంకలు మూత ఉన్న బుట్టలోనే వేస్తుంది. నాయనమ్మను మాత్రం మేము ఇంకా ఇలాంటి మాటలు అడిగి రాసిపెట్టుకుంటున్నాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే, బెదిరిన మనిషిని వాళ్ళు ఏమంటారో, ఏం చేసేవాళ్ళో అడిగి ఉంచుకోండి.