మా దస్తఖత్, మా తాళం

ఉత్తరానికి రెండు పనులుంటాయి. రాసింది ఫలానా మనిషేనని చెప్పడం ఒకటి. ఎవరికి రాశామో వాళ్లు తప్ప ఇంకొకరు చదవకుండా చూడటం రెండోది. మొదటిదాన్ని మా ఇంట్లో దస్తఖత్ అనేవాళ్లు. రెండోదానికి లిఫాఫా చాలు, అంచు తడిపి అంటిస్తే అయిపోయేది. గోల్కొండ కుతుబ్‌షాహీలు కొన్ని ఫర్మానాల్ని పారసీకంలోనూ తెలుగులోనూ రాయించి మోహరు వేయించారు. రెండు భాషలు, ఒక మోహరు. మేమూ అలాంటి కాగితాలమే. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పేరు మాత్రం ఒక్కటే.

ఆ పేరుతోనే చిక్కంతా.

ఈమెయిల్ వచ్చాక దస్తఖత్ పోయింది, లిఫాఫా కూడా పోయింది. పంపినవారి పేరు దగ్గర ఎవరి పేరైనా పెట్టి పంపే వీలు దాని పుట్టుకలోనే ఉంది. ఇప్పుడు సర్వర్ల మధ్య దారిలో చాలావరకు గుప్తంగానే నడుస్తుంది గానీ, మన డబ్బా ఉన్న కంపెనీలోనూ అవతలివాళ్ల డబ్బా ఉన్న కంపెనీలోనూ అది విప్పిన కాగితమే.

కొన్నేళ్ల కింద ఊళ్లో గాలి బాగాలేని రోజుల్లో మా పేరుతో ఒక ఈమెయిల్ తిరిగింది. ఇంకో మతాన్ని తిట్టినట్టుగా ఉంది. మేం రాయలేదు. అదే నెలలో తోటి జర్నలిస్టు పేరు మీద కూడా అలాంటిదే వచ్చింది. ఆయన్ను, "పాపం, మీ పేరు ఎవరు వాడుకున్నారండీ?" అని అడిగారు. మమ్మల్ని, "మీరు రాయలేదని రుజువేంటి?" అని అడిగారు. రెండు ప్రశ్నల మధ్య తేడా పేరు ఒక్కటే.

అప్పట్నుంచి మేం రుజువు గురించి ఆలోచిస్తూ వచ్చాం. బీఏలో హిస్టరీ, ఉర్దూ చదివినవాళ్లం, కంప్యూటర్ లెక్కలు మాకు రావు. అయినా జీపీజీ నేర్చుకున్నాం.

దీనికో చరిత్ర ఉంది. 1991లో ఫిల్ జిమ్మర్‌మన్ అనే అమెరికన్ పీజీపీ అనే ప్రోగ్రాం రాసి జనంలోకి వదిలాడు. అది దేశం దాటిందని, గుప్తలిపిని ఆయుధంగా లెక్కగట్టి, అక్కడి ప్రభుత్వం అతనిమీద దర్యాప్తు చేసింది. 1996లో కేసు పెట్టకుండానే మూసేసింది. 1997లో జర్మనీలో వెర్నర్ కోఖ్ అదే పని చేసే ప్రోగ్రాంను అందరూ ఉచితంగా వాడుకునేలా మొదలుపెట్టాడు. అదే జీపీజీ. ఇంకా వెనక్కి పోతే తొమ్మిదో శతాబ్దపు బాగ్దాద్ తగులుతుంది. ఏ అక్షరం ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టి గుప్తలిపిని విప్పవచ్చని అల్ కిందీ అక్కడ పుస్తకం రాశాడు. ఇంగ్లీషు వాడి 'సైఫర్' మన 'సిఫర్' నుంచి పోయిందే. మా అమ్మీ లెక్కల్లో సున్నాని సిఫర్ అనేది. ఇంట్లో మాటే ఊరంతా తిరిగి, అనుమానం మోసుకుని మళ్లీ మా గడపకే వచ్చిందన్నమాట.

పద్ధతి చెబుతాం. జీపీజీ మనకు రెండు వస్తువులు చేసిస్తుంది. ఒకటి బయటి తాళం, ఇంకొకటి లోపలి చెవి. తాళాన్ని తెరిచి ఎందరికైనా పంచొచ్చు. ఎవరైనా మనకు రాసి దాంతో మూసేయొచ్చు. విప్పేది మన చెవి ఒక్కటే. దస్తఖత్‌కు ఇది తిరగబడుతుంది. మన చెవితో మోహరు వేస్తాం, మన తాళం ఉన్నవాళ్లెవరైనా అది మాదో కాదో చూసుకోవచ్చు.

టెర్మినల్ అనే నల్లటి తెర తెరిచి జీపీజీ అని కొట్టి, రెండు అడ్డగీతల పక్కన ఏం కావాలో రాస్తాం. దస్తఖత్ ఒక్కటే చాలనుకుంటే 'క్లియర్‌సైన్'. ఉత్తరం అందరూ చదివేటట్టు అలాగే ఉంటుంది, కింద మోహరు పడుతుంది. దారిలో ఒక్క కామా మారినా అవతలివాళ్లు 'వెరిఫై' అన్నప్పుడు చెడిన దస్తఖత్ అని తేలిపోతుంది. తాళం కావాలంటే 'ఎన్‌క్రిప్ట్', దాని పక్కన 'రెసిపియెంట్' అని ఎవరికో వాళ్ల చిరునామా. మన చిరునామా కూడా ఇంకో రెసిపియెంట్‌గా ఇవ్వాలి, లేకపోతే మనం రాసింది మనకే తెరుచుకోదు. 'ఆర్మర్' అంటే మెయిల్లో అతికించడానికి వీలైన అక్షరాల్లో వస్తుంది. 'సైన్' కూడా చేరిస్తే దస్తఖత్ తాళం లోపలికి పోతుంది. అయితే అందుకున్నవాళ్లు తాళం విప్పి, మన దస్తఖత్‌తో సహా ఆ మాటను మూడో మనిషికి పంపగలరు. అందుకే లోపల ఎవరికి రాస్తున్నామో, తేదీ ఏమిటో రాయాలి. మా అబ్బా ప్రతి ఖత్ పైన ఊరు, తేదీ, "అజీజ్ ఫలానాకు" అని ఎందుకు రాసేవారో మాకు ఇక్కడ అర్థమైంది.

బొత్తాలు నొక్కితే పనయ్యే ప్రోగ్రాములుండగా ఈ నల్లతెర ఎందుకంటారా? 2018 మేలో యూరప్ పరిశోధకులు ఈఫెయిల్ అనే లోపం బయటపెట్టారు. దొరికిన గుప్త ఉత్తరాన్ని దొంగ ఇంకో ఉత్తరంలో చుట్టి పంపితే, కొన్ని మెయిల్ ప్రోగ్రాములు దాన్ని విప్పి, బొమ్మ తెచ్చుకునే మిషతో లోపలి మాటను దొంగకే అప్పజెప్పాయి. విప్పే పని మెయిల్ ప్రోగ్రాం బయట చేసుకుంటే ఆ బెడద లేదు. పైగా నల్లతెర మీద దస్తఖత్ వేరు, తాళం వేరు. ఏది కావాలో నోటితో చెప్పినట్టు చెప్పాలి.

ఇక దస్తఖత్ సరిచూసినప్పుడు వచ్చే జవాబు చూడండి. కొత్తవాళ్ల ఉత్తరమైతే మొదటి వరుసలో 'గుడ్ సిగ్నేచర్' అంటుంది. దాని కిందే హెచ్చరిక వస్తుంది. ఈ తాళానికి ఎవరూ హామీ లేరు, ఈ దస్తఖత్ ఆ పేరుగల మనిషిదేననడానికి ఆధారం లేదు అని. మేం మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాం. ఇల్లు అద్దెకు అడిగినప్పుడల్లా మేం విన్నది ఇదే. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి గానీ మీ తరఫున చెప్పేవాళ్లెవరైనా ఉన్నారా?

కానీ ఒక తేడా ఉంది. ఈ యంత్రం అందర్నీ అదే అడుగుతుంది. శాస్త్రి గారినీ అడుగుతుంది, రెడ్డి గారినీ అడుగుతుంది, మమ్మల్నీ అడుగుతుంది. పేరు చూసి నమ్మదు, పేరు చూసి అనుమానించదు. వేలిముద్ర చూపించమంటుంది. తాళానికుండే 40 అక్షరాల గుర్తును వేలిముద్ర అనే అంటారు. మా దాదీమాకు చదువు రాదు, ఆమె దస్తఖత్ వేలిముద్రే. మేం ఎదురుగా కూర్చుని గానీ, గొంతు తెలిసినవాళ్లతో ఫోన్లో గానీ నాలుగేసి అక్షరాలు చదివి సరిచూసుకుంటాం. అప్పుడు వాళ్ల తాళం మీద మన దస్తఖత్ వేయొచ్చు. దాన్నే హామీ అంటారు.

ఇవన్నీ చెప్పి దీని హద్దులు చెప్పకపోతే మోసం. 2018లో భీమా కోరేగావ్ కేసులో మన వరవరరావు గారిని హైదరాబాద్‌లో అరెస్టు చేశారు. ఆ కేసులో ఆధారాలుగా చూపిన ఉత్తరాలు రోనా విల్సన్ లాప్‌టాప్‌లో దొరికాయన్నారు. వాటిని ఎవరో బయటినుంచి చొరబడి అందులో పెట్టారని అమెరికాలోని ఆర్సెనల్ కన్సల్టింగ్ 2021లో నివేదిక ఇచ్చింది. లాప్‌టాప్‌లోకే దొంగ దూరితే తాళమూ ఆగదు, చెవీ మిగలదు. అందుకే చెవికి పొడుగాటి రహస్యవాక్యం పెట్టాం. చెవి పోతే తాళం రద్దయిందని చాటే పత్రాన్ని ముందే తీసి, నికాహ్‌నామా, ఇంటి పట్టా ఉన్న బీరువాలో పెట్టాం. చెవి ఇంకొకరి చేతికి చిక్కితే పాత ఉత్తరాలన్నీ తెరుచుకుంటాయి, అది కూడా తెలుసు. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వం విప్పమని ఆదేశించవచ్చు. కాదంటే ఏడేళ్ల దాకా జైలు రాసుంది.

మరి తప్పు చేయనివాళ్లకు తాళం ఎందుకు అని సెక్యులర్ మిత్రులే అడుగుతారు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కన్నారు. అది ఒక జవాబు. మా జవాబు ఇంకోటి ఉంది. ఒకసారి లాడ్జిలో సోదాకు వచ్చినవాళ్లు మా సంచిలో అమ్మీ ఉర్దూలో రాసిన ఖత్ తీసి, "ఇదేం కోడ్?" అన్నారు. అందులో ఏముంది? చెల్లెలికి జ్వరం తగ్గిందని, వచ్చేటప్పుడు చింతపండు తెమ్మని ఉంది. మా తల్లిభాషే మీకు గుప్తలిపి అయినప్పుడు, మేం తాళం వేయకపోయినా వేసినట్టే లెక్క. ఇక వేస్తే కొత్తగా పోయేదేముంది? వక్ఫ్ భూమి కాగితాలు పంపే చిన్న ఉద్యోగి నౌకరీ నిలబడుతుంది. అది చాలు.

ఇంకో సంగతి. జీపీజీ ఉత్తరం లోపలి మాటను దాస్తుందే తప్ప, ఎవరు ఎవరికి రాశారో దాచదు. మామూలుగా పై వరుసలో విషయం కూడా బయటే ఉంటుంది. అంటే తాళం వేసిన ప్రతి ఉత్తరం మీదా మా పేరు పెద్ద అక్షరాలతో కనిపిస్తూనే ఉంటుంది. కొందరు దీన్ని లోపమంటారు, వాళ్ల అవసరాన్ని బట్టి నిజమే కావచ్చు. మేం మాత్రం పేరు దాచుకోవడానికి ఈ విద్య నేర్వలేదు. ఇల్లు దొరకడానికి పేరు మార్చి చెప్పినవాళ్లు మాలో ఉన్నారు, వాళ్ల బాధ మాకు తెలుసు. ఇక్కడ ఆ అవసరం లేదు. పేరు బయట, మాట లోపల.

మా పేరుతో ఉత్తరం వస్తే ముందు దస్తఖత్ చూడండి. అది లేనంత మాత్రాన మేం రాయలేదని కోర్టు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఎప్పుడూ దస్తఖత్‌తోనే రాసేవాళ్లమని మీకు తెలిస్తే, మమ్మల్ని కూడా, "మీ పేరు ఎవరు వాడుకున్నారండీ?" అని అడగగలుగుతారు. మా తాళం కావాలంటే అడగండి, 40 అక్షరాలూ చదివి వినిపిస్తాం. మీవి కూడా చదవండి, మేం రాసుకుంటాం.