నవ్వు మనది... పేరెవరిది?

హాస్యం రాయడం ఆషామాషీ వ్యవహారం కాదు. ఏడిపించడానికి ఒక చావు చాలు, ఒక పెళ్ళి తప్పిపోతే చాలు. నవ్వించడానికి మాత్రం ప్రతిసారీ కొత్త తిప్పలే! సినిమాలో అయితే రెండున్నర గంటల్లో నాలుగు చోట్ల నవ్వొస్తే రచయిత గట్టెక్కుతాడు. బుల్లితెర మీద ఆ వెసులుబాటు లేదు. అదే ఇల్లు, అవే ముఖాలు, వారం తిరిగేసరికి మళ్ళీ నవ్వించాలి. అలా ఆరేళ్ళపాటు నవ్వించిన మనిషి పేరు మనలో ఎందరికి తెలుసు?

గుణ్ణం గంగరాజు అంటే కాసేపు ఆలోచిస్తారు. ‘అమృతం’ అనండి... ఇంటిల్లిపాదీ నవ్వేస్తారు!

2001 నవంబరులో జెమినీ టీవీలో మొదలై 2007 నవంబరు దాకా నడిచిన ఆ ధారావాహికకు సృష్టికర్త, నిర్మాత ఆయనే. మొత్తం 313 భాగాలు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర అంటే తెలుగిళ్ళలో అన్నం కంచాలు టీవీ ముందుకి వచ్చే వేళ.

మాది న్యాల్‌కల్. జహీరాబాద్‌కు దగ్గర, కర్ణాటక సరిహద్దున ఉంటుంది. మా మాటలో తెలుగూ, కన్నడమూ, ఉర్దూ కలగలిసి ఉంటాయి. సినిమాల్లో తెలంగాణ యాస చాలాకాలం రౌడీలకూ, పనివాళ్ళకూ దక్కేది. మనం ఇంట్లో మాట్లాడే మాట తెర మీద వినబడితే హాలంతా నవ్వేది. అందుకే కామెడీ అంటే మావాళ్ళకు కొంత అనుమానం. నవ్వేది మనతోనా, మనల్ని చూసా? అలాంటి గల్లీలో, ఆదివారం రాత్రి కరెంటు గనక ఉంటే, కేబులున్న ఇంటి గడప ముందు చెప్పులు గుట్టపడేవి. అప్పుడు నేను బడికెళ్ళే పిల్లవాణ్ణి.

ఇంతకీ అందులో కథేమిటి? అమృతరావు, అతని అమాయకపు మిత్రుడు ఆంజనేయులు కలిసి హోటలు నడుపుతారు. దాని పేరు ‘అమృత విలాస్’. అక్కడ పనిచేసేది సర్వం. ఇంటి ఓనరు అప్పాజీ. అమృతరావుకు తొందరగా నాలుగు డబ్బులు వెనకేసుకోవాలని ఆశ. వారానికో పథకం వేస్తాడు, అది బెడిసికొడుతుంది. అంతే!

కానీ గమనించండి. అక్కడ నవ్వు పుట్టేది మనిషి ఆశలోంచి. ఆశ లేనివాడెవడు? ఎకరం అల్లం పెట్టి, దుంప తవ్వకముందే లక్షలు లెక్కపెట్టుకున్న రైతులు మా వైపూ ఉన్నారు. వాళ్ళు అమృతరావును చూసి పగలబడి నవ్వారంటే, తమను తాము చూసుకుని నవ్వుకున్నారన్నమాట.

మరో విశేషం. అమృతరావు వేషం ఒక్కరు కాదు, శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురు వేశారు. సినిమాలో నడిమధ్య హీరో మారితే ప్రేక్షకులు ఊరుకుంటారా? మా పక్కింటి పెద్దమ్మ మాత్రం ఒక ఆదివారం తెరవైపు తేరిపార చూసి, “వీడు వేరేటోడు గదా బిడ్డా?” అని అడిగింది. అవునన్నాను. “మనిషి మారిండు గానీ మాటలు గవ్వే ఉన్నయ్ తీయ్!” అని మళ్ళీ నవ్వులో పడిపోయింది. చదువురాని పెద్దమ్మ రచయితకిచ్చిన బిరుదు అది. ఆ రచయిత ఎవరో మాత్రం ఆమెకూ తెలియదు, అప్పట్లో నాకూ తెలియదు.

నిర్మాత అంటే డబ్బు పెట్టే ఆసామి అనుకుంటాం. టీవీ హాస్యానికి నిర్మాత అంటే వంటింటి పెద్ద దిక్కు లాంటివాడు. ఎవరు వండినా రుచి మారకూడదు. తొలి భాగాలకు చంద్రశేఖర్ యేలేటి దర్శకుడు. తర్వాత ఎస్.ఎస్. కాంచి కలమూ పట్టారు, దర్శకత్వమూ చేశారు. హర్షవర్ధన్ నటిస్తూనే మాటలు రాశారు. శీర్షికా గీతం సిరివెన్నెలది, బాణీ కల్యాణీ మాలిక్‌ది. ఇన్ని చేతులు పడ్డా ‘అమృతం’ రుచి అమృతందే!

గంగరాజు అంతకుముందే 1996లో ‘లిటిల్ సోల్జర్స్’ తీసి పిల్లల మనసు తెలిసినవాడనిపించుకున్నారు. సీరియల్ నడుస్తుండగానే, 2003లో యేలేటి తొలిచిత్రం ‘ఐతే’ నిర్మించారు. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం దక్కింది. 2005లో ‘అనుకోకుండా ఒక రోజు’, 2006లో స్వీయ దర్శకత్వంలో ‘అమ్మ చెప్పింది’. ఇంత చేసినా జనం గుండెల్లో మిగిలింది ఆ హోటలే.

మరి మాటలే సర్వస్వమా అంటే, అదీ కాదు. ముగ్గురు అమృతరావులు మారినా, సీరియల్లో ఆంజనేయులు మాత్రం గుండు హనుమంతరావే. 2014లో ‘చందమామలో అమృతం’ అని హోటలును ఏకంగా చంద్రుడి మీదికే తీసుకెళ్ళారు గంగరాజు. అమృతరావు, ఆంజనేయులు వేషాల్లో కొత్తవాళ్ళు. టీవీ ముందు దొరికిన ఆదరణ అక్కడ దొరకలేదు. 2018 ఫిబ్రవరిలో హనుమంతరావు కన్నుమూశారు. 2020లో ‘అమృతం ద్వితీయం’ వచ్చినప్పుడు ఆ పాత్రను ఎల్.బి. శ్రీరామ్ వంటి ఘనాపాఠీ వేశారు. అయినా ఆ అమాయకపు చూపు కోసం నా కళ్ళు వెతికాయి. రాసినవాడు నిలబెడితేనే పాత్ర నిలుస్తుంది, నిజమే. కానీ ఒక్కోసారి నటుడు దానిలో ప్రాణం పోసి, వెళ్తూ వెళ్తూ ఆ ప్రాణం తనతోనే పట్టుకుపోతాడు.

నేడు చానళ్ళలో హాస్యానికి కరువు లేదు. మనిషి లావునో, నలుపునో, యాసనో పట్టుకుని కొట్టే చెణుకులే ఎక్కువ. అవి చౌక. వారం వారం కొత్త కథ అల్లక్కర్లేదు. ఆరేళ్ళు ఓపిక పట్టే నిర్మాత అక్కర్లేదు. కానీ ఆ చెణుకు తగిలినవాడు కంచం పట్టుకుని టీవీ ముందు నుంచి లేచిపోతాడు. అతనితో ఇంటిల్లిపాదీ లేస్తుంది. ‘అమృతం’ ముందు మా గల్లీలో ఎవరూ అలా లేవలేదు. పాత భాగాలు యూట్యూబులో ఉన్నాయి. ఈసారి చూసినప్పుడు పేర్లు పడేచోట కాస్త ఆగండి. నవ్వినందుకు ఆ మాత్రం బాకీ తీర్చుకోవాలి గదా!