పిలిస్తే లేచే నౌకరు

కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. బల్లమీది కంప్యూటరు ప్రాణం మాత్రం దాని బోర్డు మీదే, గోరంత చిప్పులో ఉంటుంది. మీట నొక్కగానే ముందు తాను మేలుకుని తక్కినవాటిని లేపేది అదే. అటు ఇనుమూ కాక, ఇటు మామూలు ప్రోగ్రామూ కాక నడిమధ్యన ఉండే సరుకుకి 1967లో ఆషర్ ఓప్లర్ ‘ఫర్మ్‌వేర్’ అని పేరు పెట్టాడు. ఈ చిలక గొంతు పట్టుకున్న దొంగలూ లేకపోలేదు. 1999 ఏప్రిల్ 26న సి.ఐ.హెచ్. అనే వైరసు కొన్ని కంప్యూటర్లలో ఆ చిప్పునే చెరిపేసింది. అవి మరి మేలుకోలేదు.

మా ఇంట్లోది లినక్సు. అందులో ఈ చిలకకు మేత తెచ్చే నౌకరు పేరు ‘ఎఫ్‌డబ్ల్యూఅప్‌డీ’. రిచర్డ్ హ్యూస్ అనే ఆయన మొదలుపెట్టాడు. కంపెనీలు తమ కొత్త ఫర్మ్‌వేరును ఎల్.వి.ఎఫ్.ఎస్. అనే ఉమ్మడి కొట్లో ఉంచుతాయి. మనవాడు ముద్ర సరిచూసిగాని తీసుకోడు.

మొన్న శనివారం రాత్రి ఈ నౌకరు ఏం చేస్తున్నాడో విచారించాను. ‘ఇనాక్టివ్, డెడ్’ అని జవాబు వచ్చింది.

“చచ్చిపోయిందా నాన్నా?” అంది మా అమ్మాయి గాభరాగా. దాని ఎమ్మే వ్యాసం అందులోనే ఉంది, బుధవారం ఇచ్చెయ్యాలి.

“లేదమ్మా. వీడు పిలిస్తే లేస్తాడు, పని లేకపోతే పడుకుంటాడు. ‘ఫెయిల్డ్’ అంటే అప్పుడు కంగారు పడాలి.”

కొత్త సరుకుల జాబితా తెప్పించే టైమరు వేరే ఉంటుంది. అదీ నడుస్తోంది. అది జాబితా తేవడమేగాని తనంతట తాను దేన్నీ మార్చదు. జాబితా చూస్తే మా బోర్డుకి ఒకటి వచ్చి ఉంది.

“బాగా నడుస్తున్నదాన్ని కదపడం ఎందుకండీ?” అంది మా ఆవిడ.

ఆ మాటలో న్యాయం ఉంది. మధ్యలో కరెంటు పోతే కొన్ని బోర్డులు మళ్ళీ లేవవు. డిస్కుకు తాళం వేసి ఉంటే, ఫర్మ్‌వేరు మారగానే అది మనల్నే కొత్తవాళ్ళలా చూసి రికవరీ తాళం అడగవచ్చు. అలాగని ఊరుకుంటే, దొంగలు దూరే కంతలు అలాగే ఉంటాయి. కంప్యూటరు లేచేటప్పుడు సరిచూసుకునే 2011 నాటి మైక్రోసాఫ్టు ధ్రువపత్రాలకు కూడా 2026తో గడువు తీరుతుంది.

అందుకని వ్యాసానికి ఆ రాత్రే వేరే నకలు తీశాం. బుధవారం దాకా బోర్డు జోలికి పోరాదనీ, ఆ తరవాత యు.పి.ఎస్. తగిలించి ఆ పని చెయ్యాలనీ తీర్మానించాం. రికవరీ తాళం అంకెలన్నీ అమ్మాయి కాగితం మీద రాసింది.

“దీన్ని ఎక్కడ దాచమంటారు?” అంది మా ఆవిడ.

“బీరువాలో, నీ నగల పక్కన.”

“అమ్మయ్య, ఆ రెండు గాజులకీ ఇన్నాళ్ళకు తోడు దొరికింది!” అంటూ కాగితం మడిచి లోపలికి వెళ్ళింది.